ఏడో మనిషి కర్పూరం ఆర్పలేదు

ఆత్మకూరులో నేను పాఠాలు చెప్పే హైస్కూల్లో పదో తరగతి ఆడపిల్లల కోసం ఒక అట్టపెట్టె పెట్టాను. చెప్పుల డబ్బా అది. మూతకు కత్తెరతో సన్నటి కంత కోశాను. మా కాలంలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే మాస్టారు గొంతు సవరించుకుని, "ఇది ఇంటికాడ చదువుకోండి" అని నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేసేవారు. నాకు అప్పట్లోనే ఒళ్ళు మండేది. అందుకే నేను తిప్పను. నోటితో అడగలేనివి చీటీ రాసి ఇందులో వెయ్యండి, పేరు రాయొద్దు అని పిల్లలకు చెప్పాను.

ఆ చీటీలు చదవడం వారం మొత్తంలో నాకు ఇష్టమైన పని. ముట్టులో గోరింటాకు పెట్టుకుంటే నిజంగా పండదా? కాకి తాకిందని ఎందుకంటారు, కాకికీ దీనికీ ఏం సంబంధం? హాల్ టికెట్‌కు మా అమ్మ గుళ్ళో కుంకుమ పెట్టించింది, పరీక్ష రోజుకు నాకు డేట్ వస్తే దాన్ని పట్టుకోవచ్చా? ఈ చివరిది చదివి ముందు నవ్వు వచ్చింది. రాసిన పిల్ల మాత్రం నవ్వుతూ రాసి ఉండదు. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెబుతాను. తెలిస్తే తెలిసినట్టు, తెలియకపోతే తెలియదని.

ఒకరోజు ఈ చీటీ వచ్చింది. "ముట్టులో నిమ్మతోటలోకి పోతే పిందె రాలదని నిన్న చెప్పినారు. మీకెట్ట తెలుసు మేడం? మీరు పోయి చూసినారా?"

క్లాసంతా నా వైపే చూస్తోంది. దీనికి సోమవారం చెబుతానని చీటీ మడిచి బ్యాగులో వేసుకున్నాను. నేను పోయి చూసిన మాట నిజం. ఇరవై ఏళ్ళు దాటినా ఆ సంగతి కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

మాది ఉదయగిరి పోయే దారిలో ఒక పల్లె. ఇంటి వెనకే నిమ్మతోట, పెరట్లో నిలబడితే దూరంగా దుర్గం కొండ. ఊళ్ళో నలుగురూ మా ఇంటి మాట వినేవాళ్ళు. ఇంట్లో మాత్రం చెల్లేది అవ్వ మాటే, అంటే నాయన వాళ్ళమ్మది. నేను పెద్దమనిషినై నాలుగు నెలలైనా కాకముందే అవ్వ తన చట్టాలన్నీ నాకు అప్పజెప్పింది. ఆ మూడు రోజులూ వసారాలోనే చాప, విడిగా కంచం, విడిగా చెంబు. వంటింటి గడప తొక్కకూడదు, ఊరగాయ జాడీ పక్కకు పోకూడదు. నాలుగో రోజు తలకు పోసుకున్నాకే లోపలికి రావాలి. అన్నిటికన్నా పెద్ద కట్టడి తోటది.

"ముట్టులో తోటలో కాలు పెట్టినావంటే పిందె మొత్తం రాలిపోతాది," అనేది అవ్వ.

"చెట్టుకు ఎట్ట తెలుస్తాదవ్వా?"

"ఎందుకు తెలవదు? నీ మాదిరి మొద్దు కాదు అది."

తిట్టినా నాకు రోషం రాలేదు, తెలుసుకోవాలన్న ఆత్రమే పెరిగింది. చెట్టు వాసన పట్టేస్తుందా? నీడ పడితే చాలా, తాకాలా? చెప్పులు వేసుకుపోతే తప్పించుకోవచ్చా? ఉదయగిరి బళ్ళో అన్నం డబ్బాలు విప్పుకుని ముగ్గురం కూర్చునేటప్పుడు ఇదే గొడవ. మాలో ఒకతె ముస్లింల పిల్ల. వాళ్ళింట్లో ఆ రోజుల్లో నమాజు చదవరట, రోజా ఉండరట. వంట మాత్రం చేయొచ్చట, ఊరగాయ కూడా తీయొచ్చట. ఇంకొకతె చర్చికి పోయే పిల్ల. "మా ఇంట్లో ఏమీ లేదు, మా నాయనకు తెలియకుండా చూసుకుంటే చాలు" అంది. ముగ్గురి ఒంట్లోనూ జరిగేది ఒకటే అయినప్పుడు ఊరగాయకు మా ఇంట్లో మాత్రమే కోపం ఎందుకొస్తుందో నాకు అంతుబట్టేది కాదు.

దానికితోడు కూలి ఆడవాళ్ళు. మా తోటలో ఏడాది పొడుగునా పని చేసేవాళ్ళు ఏడుగురు. వాళ్ళ సంగతేందని అడిగితే, "వాళ్ళకు తెలుసులే, ఆ దినాలు రారు" అంది అవ్వ. నేను పట్టు వదలకుండా ఒక నెలంతా చూశాను. పొద్దున బడికి పోయే ముందు తోట గేటు దాకా పోయి తలలు లెక్కపెట్టేదాన్ని. రోజూ ఏడుగురే. వరసగా మూడు రోజులు మానిన మనిషి ఒక్కరూ లేరు. మా పిందెలేమో భద్రంగా చెట్టు మీదే ఉన్నాయి.

ఆ ఏడుగురిలో ఒకామె అంటే నాకు ఇష్టం. చెరువుకట్ట కింద గుడిసెల్లో ఉండేది. మొగుడు చెరువులో చేపలు పట్టేవాడు. చేప పడే రోజు తక్కువ, పడని రోజు ఎక్కువ. ఇద్దరు ఆడపిల్లల తిండీ చదువూ ఆమె తోటపని మీదే నడిచేవి. మా ఇంట్లో అందరూ ఆమెను పేరు పెట్టి పిలిచేవారు. నేను మాత్రం అవ్వ వినకుండా అక్కా అనేదాన్ని. ముల్లు గీరుకోకుండా కాయ ఎట్లా తెంపాలో చేయి పట్టుకుని నేర్పింది ఆమే.

శివరాత్రి దాటిన తర్వాత ఒక ఆదివారం నాకు మూడో రోజు. అన్నాలు తిని ఇల్లంతా కునుకు తీస్తోంది. కంచె సందులోంచి తోటలోకి దూరాను. మూడో సాలులో చివరి చెట్టును ఎంచుకున్నాను. రెండు అరచేతులూ మానుకు ఆనించి పది దాకా లెక్కపెట్టాను. తొందరపడి తీసేస్తే పరీక్ష చెల్లదేమోనని ఇంకో పది లెక్కపెట్టాను. గుర్తుకోసం జడ రిబ్బన్ ముక్క ఒక రెమ్మకు కట్టి, వచ్చిన దారినే వెనక్కి వచ్చి చాప మీద పడుకున్నాను. ఏమీ కాలేదు. నాకు కొంచెం నిరాశ కూడా కలిగింది.

ఆ నెలలోనే మా బోరు మోటారు కాలిపోయింది. వైండింగుకు ఆత్మకూరులో ఇస్తే షాపువాడు రేపు మాపు అంటూ పదిహేను రోజులు తిప్పాడు. నేను చెట్టును తాకిన మరునాడే మోటారు వచ్చింది. నాయన సంబరంగా తోటంతా నీళ్ళు నిండా పెట్టాడు. ఈ సంగతి అప్పుడు నాకు పట్టలేదు.

నాలుగు రోజులు తిరక్కుండానే పిందె రాలడం మొదలైంది. పోయి చూస్తే మూడో సాలు చివరి చెట్టు కింద పచ్చగా, బఠాణీ గింజలు ఒలకబోసినట్టు పడి ఉన్నాయి. పక్క చెట్టు కిందా అంతే, దాని పక్కన కూడా అంతే. నేను తాకింది ఒక చెట్టునే. ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుందని నాకెవరూ చెప్పలేదే అనుకుంటూ భయపడ్డాను. రెమ్మకున్న రిబ్బన్ పీకి, నమిలి మింగినంత పని చేశాను.

అవ్వ తోటంతా తిరిగి చూసి ఒకే మాట అంది. "ఎవురో ముట్టు మనిషి కాలు పెట్టింది."

తోట మూలన పసుపు పూసిన అమ్మవారి రాయి ఉంది. కాపుకు ముందు పొంగలి పెట్టేది అక్కడే. ఆ రాయి ముందు ఏడుగురినీ వరసగా నిలబెట్టింది. మా వైపు పెద్ద తగువులన్నీ తీరేది ఇట్లాగే, కర్పూరం వెలిగించి, నిజం చెప్పి, అరచేత్తో ఆర్పాలి. అబద్ధమాడి ఆర్పితే అమ్మవారు ఊరుకోదు. అవ్వ దానికి ఇంకో మెలిక పెట్టింది.

"ఏ దినం బయట చేరినావో చెప్పు. ఆ మూడు దినాలు తోటలోకి రాలేదని చెప్పి ఆర్పు."

మొదటి మనిషి అమావాస్య అంది, ఆర్పింది. రెండో మనిషి శివరాత్రి అంది. శివరాత్రి మరునాడు ఆమె మా తోటలో పాదులు తవ్వుతుండగా నేను చూశాను. ఆమె కూడా ఆర్పింది. అట్లా ఆరుగురూ ఏదో ఒక రోజు చెప్పి ఆర్పారు. ప్రతిసారీ అవ్వ కొత్త బిళ్ళ వెలిగిస్తోంది. నేను అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాను. చేసింది నేనని నోటిదాకా వస్తోంది, అవ్వ ముఖం చూడగానే గొంతులోనే ఆగిపోతోంది.

చివరిది నేను అక్కా అని పిలిచే ఆమె వంతు. చేయి చాపబోయి వెనక్కి తీసుకుంది.

"నా వల్ల కాదమ్మా. నేను ఆర్పను," అంది.

"ఏ దినమో చెప్పు ముందు."

ఆమె తల దించుకుంది. అవ్వ నాయన వైపు చూసింది. నాయన కాలవ వైపు చూస్తూ, "రేపట్నుంచి రాబాక" అన్నాడు. ఎవరూ ఆర్పని ఆ కర్పూరం దానంతటదే కరిగి ఆరిపోయింది.

ఆమె కాలు పెడితే పిందె రాలుతుందన్న మాట వారం తిరక్కుండా చుట్టుపక్కల తోటలన్నిటికీ పాకింది. ఎవరూ పనికి పిలవలేదు. కొండాపురం వైపు మిరపకాయల కోతకు పోతోందని, పెద్ద పిల్లను బడి మాన్పించి వెంట తీసుకుపోతోందని విన్నాను. ఆ పిల్ల బళ్ళో నాకంటే ఒక క్లాసు కింద ఉండేది. దాని ఖాళీ చోటు చూడలేక ఆ గది ముందు నుంచి నడవడం మానుకున్నాను.

తర్వాత డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను, బీఈడీ చేశాను. పిందె ఎందుకు రాలుతుందో పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. రాస్తున్నంతసేపూ మూడో సాలు చివరి చెట్టును మనసులోకి రానివ్వలేదు. పిల్లలకు ధైర్యాలు నూరిపోసే నేను అంత పిరికిదాన్ని. ఆ చీటీ నన్ను సరిగ్గా పట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం బడి వదలగానే బస్సెక్కి ఊరికి పోయాను. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. నాయన మోకాళ్ళ నొప్పులతో తోటలో మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. మంచినీళ్ళు తాగి అడిగేశాను.

"నాయనా, నా చిన్నప్పుడు ఒక యేడు పిందె మొత్తం రాలింది గదా. ఎందుకు రాలింది?"

"మోటారు కాలిపోలా? పదిహేను దినాలు ఎండగట్టి ఒక్కసారిగా నీళ్ళు పెడితే రాలక ఏం చేస్తాది?"

ఎవరో వాతావరణం గురించి అడిగినట్టు చెప్పాడు.

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలవకేంది. సేద్యం చేసే మనిషిని."

"మరి ఆమెనెందుకు పొమ్మన్నావు?"

చేతికర్రతో నేల మీద గీతలు గీశాడు. "మీ అవ్వ అమ్మోరి ముందర నిలబెట్టినాక నేనేం చెప్పేది? మోటారు సకాలంలో చేయించుకోలేదని నన్ను తిట్టిపోసేది. ఆ యమ్మి కూడా కర్పూరం ఆర్పలేదు గదా."

అప్పుడు చెప్పాను. ఆ రోజు ముట్టులో తోటలోకి పోయి చెట్టును తాకింది నేనేనని.

"తాకితే ఏమైతాది?" అన్నాడు నాయన, నిజంగానే అర్థం కానట్టు.

నాకు ఏడవాలో అరవాలో తెలియలేదు. మా ఇంట్లో ఆ చట్టాన్ని నమ్మింది అవ్వా నేనూ ఇద్దరమే. నమ్మని మనిషి దాన్ని అవసరానికి వాడుకుని ఇరవై ఏళ్ళు హాయిగా నిద్రపోయాడు. ఆ కోపం నాకు ఇంకా తీరలేదు, తీరుతుందని కూడా అనుకోను. "ఆమె తప్పేం లేదని ఊళ్ళో చెప్పాలి నాయనా" అంటే, ఇప్పుడెందుకులే అన్నాడు. "నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను" అని లేచి చెరువుకట్ట దారి పట్టాను.

గుడిసెల చోట ఇప్పుడు కాలనీ ఇళ్ళు. ఆమె గడప ముందు కూర్చుని చింతకాయలు కొడుతోంది. జుట్టు నెరిసింది, నడుము వంగింది. నన్ను గుర్తుపట్టి, "పాపా, నువ్వా!" అని కొంగుతో అరుగు తుడిచింది. నేను అరుగు మీద కూర్చోకుండా ఆమె పక్కన నేల మీదే కూర్చున్నాను. అంతా చెప్పాను. ఆదివారం, కంచె సందు, రిబ్బన్ ముక్క, నాయన చెప్పిన మోటారు సంగతి. తప్పయిపోయింది అక్కా అన్నాను.

ఆమె నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"నిజంగా పొయ్యి పట్టుకున్నావా? రెండు చేతులతోనా?"

"రెండు చేతులతోనే."

"మూడో సాలు కడాకరు చెట్టు గదా? అదెప్పుడూ పిందె ఎక్కువ పోస్తాది, ఎక్కువ రాలుస్తాది. ఆ యేడు తోటంతా రాలింది నీళ్ళ వల్లనని గూడా మాకందరికీ తెలుసు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవురడిగినారు? ఏ దినమని అడిగినారే గానీ, ఎందుకు రాలిందని అడిగినారా?"

తోట గేటు దగ్గర నెల రోజులు తలలు లెక్కపెట్టాను. ఆ తలల్లో ఒక్కదాన్నీ పలకరించి అడగలేదు. చెట్టుకు ఎట్లా తెలుస్తుందని తెగ ఆలోచించిన నాకు, రోజూ చెట్టు దగ్గరుండే మనుషులను అడగాలని తట్టనేలేదు.

"పోనీ కర్పూరమైనా ఆర్పి ఉంటే సరిపోయేది గదక్కా. మిగతావాళ్ళంతా ఏదో ఒక రోజు చెప్పారు."

ఆమె కొట్టడం ఆపి గింజలు తీసి పక్కన పెట్టింది. గొంతు తగ్గించింది.

"నేనే దినం చెప్పేది పాపా? నాకు సంచి తీసేసి అప్పటికి రెండేళ్ళయింది."

"ఏ సంచి అక్కా?" అన్నాను.

"గర్భసంచి," అంది. "తెల్లబట్ట అవతా ఉంటే టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయినా. సంచి పుచ్చిపోయింది, తీయకపోతే క్యాన్సర్ అవుతాదన్నారు. తీసేసినారు. నాకప్పుడు ఇరవై తొమ్మిది. చెల్లెలి కాన్పుకు పోయినానని ఊళ్ళో చెప్పి నెల దినాలు ఇంట్లో పడుకున్నా. ఆపరేషన్ అయిందని తెలిస్తే బరువులెత్తలేదని కూలికి ఎవురు పిలుస్తారు? మనుషులకు అబద్ధం చెప్పినా. అమ్మోరికి ఎట్ట చెప్పేది? ఉత్త దినం చెప్పి ఆర్పేదానికి చెయ్యి రాలా."

కూలి పోతుందని దాచిన సంగతి వల్లే ఆమెకు కూలి పోయింది. తోటలో ముట్టుకు భయపడి ఏడుగురిని నిలబెడితే, అసలు ముట్టే లేని ఒక్క మనిషిని మేము వెళ్ళగొట్టాం. అవ్వ ఒక రకంగా భయపెట్టింది, మందులతో తగ్గాల్సినదానికి కత్తి పట్టుకున్నవాళ్ళు ఇంకో రకంగా భయపెట్టారు. ఆమె చేయి పట్టుకున్నాను. చింతకాయ పులుపు ఆ చేతి గీతల్లో తడిగా తగిలింది.

లేచి వస్తుంటే ఆమే పిలిచింది.

"నీ బళ్ళో ఆడపిల్లోళ్ళకు ఈ సంగతి చెప్పు. తెల్లబట్టకు సంచి తీయించుకోబాకండని వాళ్ళమ్మలకు చెప్పమను. నా పేరు మాత్రం చెప్పబాక."

సోమవారం క్లాసులో ఆ చీటీ విప్పి గట్టిగా చదివాను. "పోయి చూశాను" అన్నాను. "పదమూడేళ్ళప్పుడు, ముట్టు మూడో రోజున, రెండు చేతులతో మానును పట్టుకుని ఇరవై దాకా లెక్కపెట్టాను. ఆ చెట్టు ఇంకా కాస్తూనే ఉంది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. చివరి బెంచీలో ఒక పిల్ల చేయి ఎత్తింది. అన్ని నెలల్లో నోటితో అడిగిన మొదటి ప్రశ్న అదే.

"చెట్టుకేం కాలేదు సరే మేడం. ఇంకెవరికైనా ఏమైనా అయిందా?"

అయిందని చెప్పాను. బెల్లు కొట్టేదాకా అంతా చెప్పాను, ఆమె పేరొక్కటి తప్ప.